ఖాలా ఒడిలో పదకొండు గుడ్లు

గుడ్డును చెవికి ఆనించుకుని కళ్లు మూసుకునే మనిషిని నేను ఒక్కర్నే చూశాను. బోధన్‌లో మేం పై వాటాలో అద్దెకున్నప్పుడు కింద ఉండే ఇంటామె. గల్లీ అంతా ఖాలా అని పిలిచేది కాబట్టి నేనూ ఖాలా అనే పిలిచాను. అసలు పేరు కరెంటు బిల్లు మీద చదివే ఉంటాను, కానీ ఎప్పుడూ నోటికి రాలేదు. పోయిన నెల ఆమె కొడుకు ఫోను చేసి, అమ్మ పోయింది మేడం అన్నాడు. ఫోను పెట్టేశాక నాకు ముందు గుర్తొచ్చింది ఆ చెవే. కమ్మల బరువుకు తమ్మె సాగిపోయి ఉండేది. దుపట్టా కొంచెం పక్కకు జరిపి, గోధుమరంగు గుడ్డును అక్కడ పెట్టుకుని, ఊపిరి కూడా ఆపి వినేది.

"ఏం వినొస్తది ఖాలా?" అని ఒకసారి అడిగాను.

"ఏం వినొస్తలేదు. అయినా వింట," అంది.

నాకు గుబులు కొంచెం ఎక్కువే. గ్యాస్ కట్టేశానో లేదో అని గల్లీ చివర నుంచి వెనక్కొచ్చే రకాన్ని. తాళం వేశాక నాలుగుసార్లు లాగి చూడందే కాలు కదలదు. మా ఆయన దీన్ని రోగమంటాడు. ఖాలాను చూశాక నా మీద నాకే కాస్త మర్యాద కలిగింది. నేను ఇంటి గురించి, బడి గురించి, రాని జ్వరాల గురించి తలా కొంచెం భయపడతాను. ఆమె ఒక్క కోళ్ల గురించే భయపడేది, కానీ పొద్దస్తమానం భయపడేది. ఆకాశంలో గద్ద తిరిగితే ఆమె మెడ దానితో పాటు తిరిగేది. మనతో మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యి పైకెత్తి ఆపి, పెరటి వైపు చెవి పెట్టి, ఏమీ లేదని తేల్చుకున్నాకే మిగతా మాట అందుకునేది. భర్త ఎప్పుడో పోయాడు. కొడుకూ కోడలూ అప్పట్లో నాందేడ్‌లో ఉండేవాళ్లు. ఇంట్లో ఆమె, పెరట్లో కోళ్లు, పైన మేము.

ఆ కోళ్లకు ఒక వంశం ఉంది. ఖాలా పెళ్లయి ఈ ఇంటికొచ్చినప్పుడు వాళ్లమ్మ గంపలో ఒక పెట్టను పెట్టి పంపిందట. కాళ్ల మీద పంజాల దాకా ఈకలున్న పెట్ట. అప్పటి నుంచి దాని బిడ్డ, దాని బిడ్డ బిడ్డ, అలా పెట్ట నుంచి పెట్టకు వస్తూనే ఉంది. పుంజులు ఆమె లెక్కలోకి రావు. అవి కూరకో, అడిగిన వాళ్లకో పోయేవి. ఏ పెట్టను చూపించినా "ఇది మా అమ్మి ఇచ్చింది," అనేది. మొదట్లో నేను ఆ కోడికి నలభై ఏళ్లుంటాయా అని లోలోపల నవ్వుకున్నాను. తరవాత అర్థమైంది, ఆమె మాటలో తేడా ఏమీ లేదు. ఆమెకు అది అదే కోడి.

ఒక చలికాలం గల్లీలోకి కొక్కెర తెగులు వచ్చింది. పొద్దున మేత తిన్న కోడి సాయంత్రానికి మెడ వాల్చేది. నాలుగు వారాల్లో ఏ పెరట్లోనూ కూత లేకుండా పోయింది. ఖాలా ఇంట్లో పుంజు కూడా పోయాక ఒక ఎర్ర పెట్ట మిగిలింది. అది రోజు విడిచి రోజు గుడ్డు పెట్టి, పుంజు పోయిన పది రోజులకు గుడ్ల మీద కూర్చుని లేవనంది. పొదుగుకొచ్చింది. ఖాలా దాచిన వాటిలోంచి పదకొండు ఏరింది. సరి సంఖ్య పెట్టకూడదట.

గంపలో అడుగున బూడిద, దాని మీద వరిగడ్డి, గడ్డిలో ఒక ఇనుప మొల, ఒక బొగ్గు ముక్క. ఉరిమితే గుడ్లు చెడకుండా మొల. బొగ్గు ఎందుకని అడిగితే, "అందరు పెడ్తరు," అంది. ప్రతి గుడ్డు మీద బొగ్గుతో ఒక గీత గీసింది. నన్ను బిస్మిల్లా అనమంది. నేను అన్నాను. నువ్వు మీ దేవున్ని గూడ తలుచుకో అంది. తలుచుకున్నాను. నాకు అప్పుడే గుబులు మొదలైంది, ఇది సరిగా కాకపోతే ఈమె ఏమైపోతుందని.

ఆ ఇరవై ఒక్క రోజులూ ఆ ఇల్లు ఆసుపత్రిలా ఉంది. చావింటికి వెళ్లొచ్చినవాళ్లు పెరట్లోకి రాకూడదు. దొడ్డి గోడకు మొల కొట్టకూడదు. చెరకు ట్రాక్టర్ల కాలం అది. మా రోడ్డు మీద నుంచే లోడు ట్రాక్టర్లు ఫ్యాక్టరీకి పోయేవి, ఒక్కోదానికి రెండు పెద్ద స్పీకరు డబ్బాలు కట్టి పాటలు. ఖాలా నల్ల బురఖా వేసుకుని రోడ్డు మధ్యకు పోయి చెయ్యి అడ్డం పెట్టేది. లోడుతో ఉన్న ట్రాక్టరు ఆగేది.

"కోడి పొదుగుల ఉన్నది బేటా. మా గల్లీ దాటేదాక పాట జర తగ్గియ్యి."

డ్రైవర్లు మొదట తిట్టుకున్నారు. రెండో వారానికి మా మలుపు రాగానే వాళ్లే తగ్గించడం మొదలుపెట్టారు. ఒకడైతే సీటు మీది నుంచి వంగి, పిల్లలయినయా ఖాలా అని అడిగేవాడు. అలా అడగకూడదట, నజర్ తగులుతుందట. వాడు పోయాక గుమ్మం ముందు మిరపకాయలు తిప్పి కాల్చేది.

ఏడో రోజు గుడ్లు చూసే రోజు. తలుపు సందులోంచి వచ్చే ఎండకు గుడ్డును పిడికిట్లో పట్టి చూడాలి. లోపల ఎర్రటి నరాలు కనపడితే జీవం ఉన్నట్టు. ఆమె చూపు ఆనడం లేదు. నేను ఫోను లైటు వేస్తానన్నాను. "గంత లైటు కొడ్తె పిల్ల కండ్లు పోతయి," అని నా చెయ్యి తోసేసింది. మళ్లీ ఎండకు పట్టింది, మళ్లీ కనపడలేదు. కాసేపటికి, "ఒక్క సెకను కొట్టు," అంది. పదకొండింటికి పదకొండింటిలోనూ జీవం ఉంది. నేను సంతోషంతో లెక్కపెట్టబోతే నోరు మూసింది. పుట్టని పిల్లల్ని లెక్కపెట్టొద్దు, గిన్ని అను చాలంది.

పొదిగే కోడి రోజుకు ఒక్కసారి దిగుతుంది. నీళ్లు తాగి, నాలుగు నూకలు తిని, మట్టిలో పొర్లి, పావుగంటలో మళ్లీ ఎక్కుతుంది. ఖాలా పెట్ట నడి మధ్యాహ్నం దిగేది. ఆ పావుగంట ఆమె కట్టె పట్టుకుని పెరట్లో నిలబడేది. ఎవరు పిలిచినా పలికేది కాదు. కోడి మళ్లీ గంప ఎక్కి, గుడ్లను ముక్కుతో లోపలికి లాక్కుని, రెక్కలు పరిచాక అప్పుడు కట్టె గోడకు ఆనించేది.

పదహారో రోజు నాకు సెలవు. కోడి ఆలస్యంగా దిగింది. ఖాలాకు మధ్యాహ్నపు జోహర్ నమాజు వేళ అయిపోతోంది. "జర సూస్తుండు బేటా," అని కట్టె నా చేతికిచ్చి లోపలికి పోయింది. నేను మెట్టు మీద కూర్చున్నాను. పైన కుక్కరు కూసింది. మూడు కూతలకు కట్టేయాలి. నాలుగోది కూసింది. కోడి మట్టిలో హాయిగా పొర్లుతోంది. అరనిమిషం పని కదా అని పైకి పరుగెత్తాను. పొద్దున నేనే చెత్త పారేసి వచ్చినప్పుడు పెరటి వెనక తలుపు గొళ్లెం పెట్టలేదన్న సంగతి నాకు తట్టలేదు. తాళం నాలుగుసార్లు లాగి చూసే నాకు.

దిగి వచ్చేసరికి ఒక కుక్క వెనక భాగం ఆ తలుపులోంచి బయటికి పోతోంది. మట్టిలో ఎర్రటి ఈకలు. నేను కట్టె పట్టుకుని గల్లీలో ఆ చివరి దాకా ఉరికాను. అది చెరకు తోటల వైపు పోయింది. కోడి దాని నోట్లో అప్పటికే కొట్టుకోవడం లేదు.

తిరిగొచ్చేసరికి ఖాలా నమాజు దుపట్టాతోనే పెరట్లో నిలబడి ఉంది. ఈకలను చూసింది. తలుపును చూసింది. నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"గుడ్లు సల్లబడ్తయి," అంది.

అంతే. గంప దగ్గర కూలబడి, గుడ్లను ఒక్కొక్కటే తీసి కుర్తా ఎత్తి ఒంటికి ఆనించుకుంది. మీద చలికాలపు రజాయి కప్పుకుంది. ఎండాకాలం మొదలైపోయింది అప్పటికే. రజాయి లోపల ఆమె చేతులు కదలడం తెలుస్తోంది, ఏ గుడ్డూ మరోదానికి తగలకుండా సర్దుతోంది.

"నువ్వు పో బేటా. పొదుగుకొచ్చిన కోడి యాడున్నదో సూడు. పొద్దు మునిగేదాక నేను ఆపుత. గంతకన్న ఎక్కువ నాతోని కాదు."

పొదుగు కోడిని వెతుక్కుంటూ బోధన్ తిరిగాను. ఆ మాట ఇప్పుడు చెప్తే నవ్వుతారు. గల్లీల్లో కోళ్లే లేవు. చికెన్ దుకాణం అతను జాలీల్లోని తెల్లకోళ్లను చూపించి, "మేడం, ఇవి గుడ్డు మొఖమే సూడలే," అన్నాడు. వచ్చేపోయే ముసలమ్మలను ఆపి అడిగాను. చివరకు ఏడుపొచ్చి మా బడి ఆయాకు ఫోను చేశాను. ఆమెది మోస్రా అనే ఊరు.

"మా ఇంట్ల ఉన్నది మేడం, పొదుగుకొచ్చింది. కని మా అత్త దాన్ని మూడొద్దుల సంది నీళ్లల ముంచుతున్నది, పొదుగు ఇడవాలని."

"ముంచొద్దని చెప్పు. ఇప్పుడే చెప్పు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆటోలో ఖాలా రజాయి కప్పుకుని నిండు చూలాలిలా కూర్చుంది. చెమట ముఖం మీది నుంచి కారుతున్నా చెయ్యి బయటికి తీయలేదు. నేనే తుడిచాను. గతుకు వచ్చినప్పుడల్లా మెల్లగ అనేది. గతుకు దాటగానే జల్ది అనేది. ఆటో అతను వర్ని రోడ్డెక్కేదాకా ఓర్చుకున్నాడు.

"ఖాలా, మెల్లగ పోవాల్నా, జల్ది పోవాల్నా? ఒకటి చెప్పుర్రి."

"రెండూ పో," అంది ఖాలా.

నేను ఆమె వైపు చూడలేక పొలాలు చూస్తూ కూర్చున్నాను. క్షమాపణ చెప్పాలని నోరు తెరిచాను. "మాట్లాడకు, కదుల్తవు," అంది. దారంతా నాతో అన్న మాట అదొక్కటే.

మోస్రాలో ఆయా అత్తను ఊళ్లో అందరూ అవ్వ అంటారు. వరి, పసుపు పండించే ఇల్లు. అవ్వ మమ్మల్ని ఎగాదిగా చూసి కోడిని చూపించింది. తడిసి ముద్దయిన నల్ల కోడి. ముక్కు రంధ్రాల్లోంచి అడ్డంగా ఒక ఈక గుచ్చి ఉంది. పొదుగు మానడానికి అలా చేస్తారట.

"పొద్దుగాల్నే ముంచిన. ఇగ కూసుంటదో కూసుండదో నాకెర్క లేదు," అంది అవ్వ.

"ఈక తియ్యి అక్కా," అంది ఖాలా. "తుడువు. ఇల్లు జర చీకటి చెయ్యి."

గొడ్ల కొట్టంలో మూల గది. గోనెసంచులు కట్టి వెలుతురు ఆపారు. గడ్డి పరిచి కోడిని దింపితే అది లేచి నిలబడింది. మళ్లీ దింపారు, మళ్లీ లేచింది. ఖాలా రజాయిలోంచి ఒక గుడ్డు తీసి దాని ముందు పెట్టింది. కోడి ఖాలా చెయ్యి పొడిచింది. చెయ్యి తియ్యలేదు. ఇంకోసారి పొడిచింది, రక్తం వచ్చింది. నేను, అవ్వ, ఆయా ముగ్గురం గోడకు ఆనుకుని ఊపిరి బిగబట్టాం. ఎంతసేపో తెలియదు. అప్పుడా కోడి గొంతులో ఏదో సన్నగా గొణిగి, ముక్కు గుడ్డు అవతల వేసి తన కిందికి లాక్కుంది. ఖాలా రెండోది పెట్టింది. పదకొండోది పెట్టేసరికి ఆమె చేతి వెనక అంతా గాట్లు.

బయటికొచ్చాక అవ్వ ఆ చేతికి పసుపు అద్దుతూ, "కోడి నాది, గుడ్లు నీయి. పిల్లలు చెరి సగం. ముందుగాల మేం ఏరుకుంటం," అంది. అది ఆ ఊళ్ల రివాజు. ఖాలా తల ఊపింది.

మిగిలిన రోజులు పొద్దునా సాయంత్రం ఆయాకు ఫోను చేయించేది. మూడే ప్రశ్నలు. "దిగిందా? తిన్నదా? మల్ల ఎక్కిందా?" మూడింటికీ అవునని వచ్చేదాకా నా ముఖం చూస్తూ నిలబడేది. మోస్రా పోదామా అంటే వద్దనేది. తెలియని మనిషి వస్తే కోడి బెదురుతుందట. ఇరవై ఒకటో రోజు ఏమీ కాలేదు. ఆ రోజు ఆమె అన్నం తినలేదు, నేనూ తినలేదు. ఇరవై రెండో రోజు నేను బడికి బయల్దేరుతుంటే ఆయా ఫోను చేసి, గంప దగ్గర పెడుతున్నా వినండి అంది. నేను ఫోనును ఖాలా చెవికి ఆనించాను. ఆమె దుపట్టా పక్కకు జరిపింది. కళ్లు మూసుకుంది. ఈసారి నాకు కూడా వినపడింది, సన్నగా, తడిగా, ఒకదాని మీద ఒకటి. నేను మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఆమె ఏడవలేదు. "నాలుగు గొంతులున్నయి," అంది. లెక్కపెట్టొద్దన్న మనిషే లెక్కపెట్టింది.

నాలుగే పిల్లలు. మిగతా ఏడు మురిగిపోయాయి. అవ్వ ముందు రెండు ఏరుకుంది, రివాజు ప్రకారం. మిగిలిన రెండూ తల్లిని విడిచే వయసొచ్చాక ఖాలా తెచ్చుకుంది. కాళ్ల మీద ఈకలున్నాయి. కానీ పెట్టలో పుంజులో అప్పుడే తెలియదు. ఆమె రోజూ వాటి తల తడిమి చూసేది, జుట్టు ఎర్రబడుతోందా అని. ఎర్రబడితే పుంజన్నమాట. ఇంతలో మోస్రా వాటా రెండింటినీ గద్ద ఎత్తుకుపోయిందని ఆయా చెప్పింది. ఇక ఈ రెండే. జూన్‌లో నాకు నిజామాబాద్ బదిలీ అయింది. సామాను ఎక్కిస్తుంటే కూడా నేను పెరట్లోకి పోయి వాటి తోకలు చూశాను. ఏమీ తేలలేదు.

వెళ్లిన రెండు నెలలకు ఫోనులో ఆమె చెప్పింది, "ఒకటి పెట్టనే బేటా." ఆ రోజు నేను స్టాఫ్ రూములో అందరికీ లడ్డూలు పంచాను, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. తరవాత మూడేళ్లు నెలకోసారైనా ఫోను చేశాను. గుడ్లు పెడుతోంది అనేది. పొదుగుకొచ్చింది అనేది. ఒకసారి కొడుకు నిజామాబాద్ వస్తే టిఫిన్ డబ్బాలో ఊక పోసి ఆరు గుడ్లు పంపింది. మేం వాటిని అపురూపంగా వండుకుని తిన్నాం. ఎన్నిసార్లు వెళ్లాలనుకున్నా బడి, పరీక్షలు, మా అత్తగారి ఆపరేషను. బోధన్ ఎంత దూరమని. వెళ్లలేదు.

ఆమె పోయిన నాలుగో రోజు వెళ్లాను. నాందేడ్ నుంచి వచ్చి మూడేళ్లుగా ఆమెతోనే ఉంటున్న కోడలు చాప వేసి చాయ్ ఇచ్చింది. ఓపిక పట్టలేక పెరట్లోకి చూశాను. ఏమీ లేదు. పెట్ట ఏదని అడిగాను.

కోడలు కొంచెంసేపు తన చున్నీ అంచు మడత పెట్టుకుంది.

"పెట్ట లేదు మేడం. రెండూ పుంజులే అయినయి."

"గుడ్లు పంపింది కదా."

"గవి నేనే తెచ్చిన, సంతల. నాటుయే కావాలె, చిన్నగుండాలె అని రెండుసార్లు తిప్పి పంపింది. మీకు నిజం చెప్తనంటె వద్దన్నది. టీచర్‌కు అసలే ఫికర్ ఎక్కువ, గా కోడి పోయిననాడే సగమైపోయింది, ఆమెకు ఉన్నదనే చెప్పాలె అన్నది."

నేను చాయ్ కింద పెట్టేశాను. మూడేళ్లు నేను పాపం తీరిపోయినట్టు నిద్రపోయాను. ఆ మూడేళ్లూ ఆమె తల్లి ఇచ్చిన కోడి లేని ఇంట్లో ఉంటూ, నా కోసం దాన్ని బతికించింది. అవతలి మనిషి ముఖం చూసి తిట్టలేకపోవడం వేరు. ఇది వేరు. ఇంత మనసును నేను ఎలా మోయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

"మీరు ఫోను జేసి కోడి ఎట్లున్నది అని అడుగుతరు గద," అంది కోడలు. "ఉండు బేటా, సూసొస్త అని ఫోను గూట్ల పెట్టి పెరట్లకు పోతుండె. ఆడ ఖాళీ గంప బోర్లేసి ఉండె, గంతే. దాన్ని ఎత్తి కిందికి సూసి, మల్ల బోర్లేసి, వచ్చి మీకు చెప్తుండె. మోకాళ్ల నొప్పులల్ల గూడ పోతుండె. ఊకె కూసోని చెప్పరాదా అమ్మీ అంటె, పోకుంట చెప్తె గొంతుల తెలుస్తది అంటుండె."

నాకు ఒక్కసారి కూడా తెలియలేదు.